పండగ సెలవుల్లోనే ఇంటర్వ్యూ! పూర్వ విద్యార్థితో ఏం మాట్లాడాలి?

మెట్ట_కుర్రాడు
జనవరి 10, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. విజయవాడ దగ్గర హాస్టల్ కాలేజీలో చదువుతున్నాను. మాది జగ్గంపేట దగ్గర ఒక మెట్ట ఊరు. మా ఫిజిక్స్ సారు పట్టుబట్టి అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీకి అప్లికేషన్ పెట్టించారు. దానికి రాయాల్సిన శాట్ పరీక్షకి హైదరాబాదు తీసుకెళ్ళింది కూడా ఆయనే. డిసెంబరులో అన్నీ పంపేసి ఆ సంగతే మర్చిపోయాను.

మా హాస్టల్లో ఫోన్లు ఉండవు. ఇవాళ పండక్కి ఇంటికొచ్చి మెయిల్ తెరిస్తే జనవరి 1న వచ్చిన ఉత్తరం ఒకటి ఉంది. రాసినాయన ఎంఐటీలో చదివారట, ఇప్పుడు బెంగళూరులో ఉంటారట. అడ్మిషన్ ఇంటర్వ్యూ కోసం జూమ్‌లో ఓ గంట మాట్లాడుకుందాం, నీకు వీలైన సమయాలు రెండు మూడు రాయి అన్నారు. అది వచ్చి తొమ్మిది రోజులైంది. ఇంక నా పని అయిపోయినట్టేనా?

అవకాశం మిగిలున్నా భయాలు చాలా ఉన్నాయి. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూలు, తెలుగు మీడియం. ఇంగ్లిషు చదివితే అర్థమవుతుంది, రాస్తాను కూడా. నోరు మాత్రం పెగలదు. రోబోటిక్స్, ఎన్జీవో లాంటివేవీ లేవు. 17న మళ్ళీ హాస్టలుకి పోవాలి, నెలాఖరులో జేఈఈ మెయిన్. పైగా ఊళ్ళో పందేలకి బరులు కడుతున్నారు, పొద్దున్నుంచీ మైకులే.

రెండో_కాఫీ
జనవరి 10, రాత్రి 9:58

బాబూ, ముందు ఈ పేజీ మూసేసి ఆయనకి జవాబు రాసి రా. మిగతావన్నీ తర్వాత. నాలుగు లైన్లు చాలు: హాస్టల్లో ఫోన్ ఉండదు, ఇవాళే ఇంటికొచ్చి మీ ఉత్తరం చూశాను, ఆలస్యానికి క్షమించండి, 11 నుంచి 16 వరకు ఫలానా సమయాల్లో వీలవుతుంది. సమయం పక్కన భారత కాలమానం అని రాయి. ఆయన ప్రయాణంలో ఏ దేశంలో ఉన్నారో మనకేం తెలుసు! క్షమాపణలతో పేజీ నింపకు.

నేను న్యూజెర్సీలో ఉంటాను. మా పెద్దాడికి రెండేళ్ళ క్రితం ఇలాంటివి మూడు జరిగాయి. వాడూ ఒక మెయిల్ స్పామ్‌లో పడితే వారం చూసుకోలేదు. ఏమీ కాలేదు. ఇది చదివే మిగతా పిల్లలు కూడా స్పామ్ ఫోల్డరు ఒకసారి తెరిచి చూడండి.

వీసా_వీరుడు
జనవరి 10, రాత్రి 10:15

తమ్ముడూ టెన్షన్ పడకు. నాకు రెండుసార్లు కొట్టేశారు, మూడోసారి కొట్టాను. జవాబులు చిన్నగా ఉండాలి. ఆ యూనివర్సిటీయే ఎందుకు, డబ్బు ఎవరు కడతారు, చదువయ్యాక ఏం చేస్తావు, ఈ మూడే. "తిరిగి ఇండియా వచ్చేస్తాను" అని గట్టిగా చెప్పు. బ్యాంకు కాగితాలు, ఆస్తుల వాల్యుయేషన్ ఫైల్లో పెట్టుకో. వీలుంటే చిలుకూరు వెళ్ళి 11 ప్రదక్షిణలు చేసి రా, పనయ్యాక 108.

పాత_బ్యాచ్
జనవరి 10, రాత్రి 10:41

వీరుడు గారూ, ప్రదక్షిణలకి నేనేమీ అడ్డు చెప్పను. కానీ మీరు చెప్పింది నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబడి రెండు నిమిషాల్లో ముగించే వీసా ఇంటర్వ్యూ. ఇది అది కాదు. మనవాళ్ళు ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్ల ఎంత నష్టం జరుగుతోందో నేను కళ్ళారా చూస్తున్నాను. అక్కడ జవాబు చిన్నగా ఉండాలి, ఇక్కడ సాగాలి. అక్కడ డబ్బు సంగతి చెప్పాలి, ఇక్కడ దాని ఊసే రాకూడదు.

నేను చదివింది ఎంఐటీ కాదు, అమెరికా తూర్పు తీరంలో ఇంకో యూనివర్సిటీ, పేరు అనవసరం. 11 ఏళ్ళుగా బెంగళూరు నుంచి వాళ్ళ తరఫున పిల్లలతో మాట్లాడుతున్నాను. జీతం లేదు, భత్యం లేదు. ఎంఐటీలో ఈ పని చేసేవాళ్ళని ఎడ్యుకేషనల్ కౌన్సెలర్లు అంటారు. ఆ పేరు చూసి ఫీజు తీసుకునే కన్సల్టెన్సీ అనుకుని జవాబివ్వని పిల్లలు కూడా ఉన్నారట, పాపం.

నా వైపు నుంచి ఇది ఎలా ఉంటుందో చెప్తాను. నాకు వచ్చేది నీ పేరు, స్కూలు, మెయిల్. మార్కులు కనపడవు, శాట్ కనపడదు, నువ్వు రాసిన వ్యాసాలూ కనపడవు. కాబట్టి "నా అప్లికేషన్‌లో రాసినట్టు" అంటే నాకేమీ అర్థం కాదు. మాట్లాడాక ఒక పేజీ నివేదిక రాసి పంపుతాను. అంతే నా పాత్ర. సీటు ఇచ్చేదీ తీసేదీ నేను కాదు. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు నిన్ను ఎప్పుడూ చూడరు. వాళ్ళ తరఫున నీతో కూర్చున్న ఒకే ఒక మనిషిని నేను, నా ఉపయోగం అంతవరకే.

ఆ పేజీ రాసేటప్పుడు నాకు వచ్చే కష్టం ఒకటుంది. "తెలివైనవాడు, కష్టపడతాడు, వినయం ఉంది" అని రాయగలను, కానీ అది అందరి గురించీ రాయొచ్చు. రాయడానికి నాకు ఒక సంగతి కావాలి. ఫలానా రోజు ఫలానా పని చేశాడు, చెడింది, ఇలా మార్చాడు అని. అలాంటివి రెండిస్తే చాలు, నా కలం దానంతట అదే నడుస్తుంది. ఏమీ ఇవ్వకుండా గంట మాట్లాడి వెళ్ళిపోయిన టాపర్లు చాలామంది ఉన్నారు. వాళ్ళ నివేదికలు రాయడానికి నాకు ఆదివారమంతా పట్టేది.

మెట్ట_కుర్రాడు
జనవరి 10, రాత్రి 11:20

మెయిల్ పంపేశాను అక్కా. పాత_బ్యాచ్ గారూ, చాలా థ్యాంక్స్. కానీ నా దగ్గర అలాంటి సంగతి ఏదీ లేదండి. హాస్టల్లో పొద్దున ఐదున్నరకి లేస్తాం, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. ఆదివారం వీకెండ్ టెస్టు. ఏం చెప్పను?

ఓరుగల్లు_మాస్టారు
జనవరి 11, ఉదయం 6:05

నేను హనుమకొండలో లెక్కలు చెప్తాను. ముందే చెప్తున్నా, ఈ అమెరికా వేలంవెర్రి నాకు నచ్చదు. నీకు నెలాఖరులో మెయిన్ ఉంది, అది మర్చిపోకు. అయినా అడిగావు కాబట్టి ఒక ప్రశ్న. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తావు? నిజం చెప్పు. మొన్న దసరా సెలవుల్లో ఏం చేశావు?

మెట్ట_కుర్రాడు
జనవరి 11, ఉదయం 8:30

ఏమీ లేదు సార్. నాన్నది మోటార్ల వైండింగ్ షాపు. అక్కడే కూర్చుంటాను. కాలిపోయిన కాయిళ్ళు పీకడం, స్లాట్లు శుభ్రం చేయడం, లెక్కలు రాయడం. అది చెప్పుకునే పనేం కాదు కదా.

ఓరుగల్లు_మాస్టారు
జనవరి 11, ఉదయం 8:34

లెక్కలు అంటే? డబ్బు లెక్కలా?

మెట్ట_కుర్రాడు
జనవరి 11, ఉదయం 8:52

డబ్బు లెక్కలు అమ్మ చూసుకుంటుంది సార్. నాది వేరే నోటుబుక్కు. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టాను. వచ్చిన ప్రతి మోటారూ ఏ ఊరిది, ఎన్ని హెచ్‌పీ, ఎందుకు కాలింది అని రాస్తాను. విప్పి చూస్తే తెలిసిపోతుంది. కాయిళ్ళు కలిపే పద్ధతులు రెండు, స్టార్, డెల్టా. స్టార్ కనెక్షన్ మోటారుకి ఒక ఫేజు పోతే రెండు ఫేజుల కాయిళ్ళు మాడి, మూడోది కొత్తదానిలా ఉంటుంది. డెల్టా అయితే లెక్క తిరగబడుతుంది, ఒక్క ఫేజే మాడుతుంది. మొత్తం అన్నీ ఒకేలా నల్లబడితే లోడు ఎక్కువై ఉండాలి, లేదా పంపు పట్టేసి ఉండాలి. నాన్న చూడగానే చెప్పేస్తారు. నాకు అలా రాదు కాబట్టి రాసుకునేవాణ్ణి.

ఓరుగల్లు_మాస్టారు
జనవరి 11, ఉదయం 8:55

ఒరే అబ్బాయ్.

పాత_బ్యాచ్
జనవరి 11, ఉదయం 9:10

మాస్టారి మాటే నాదీ. "ఏమీ లేదు" అని మొదలుపెట్టిన పిల్లల దగ్గరే నాకు ఎక్కువ దొరుకుతుంటాయి. ఆ నోటుబుక్కు ఇంట్లోనే ఉందా? తీసి ఇవాళ మొదటి పేజీ నుంచి చదువు. అందులో నిన్ను ఆశ్చర్యపరిచినది ఏదైనా ఉందేమో వెతుకు. ఎన్ని మోటార్లు, ఎన్ని పేజీలు అన్నది కాదు నాక్కావాల్సింది. నువ్వు ఒకటి అనుకుంటే ఇంకోటి తేలిన చోటు.

నారాయణగూడ_అమ్మ
జనవరి 11, ఉదయం 11:25

మా గోడు కూడా వినండి. గత ఏడాది మా అమ్మాయికి ఇలాంటి ఇంటర్వ్యూ ఉంటే ఒక ప్రైవేటు కౌన్సెలర్ దగ్గర ఆరు మాక్ ఇంటర్వ్యూలు కొనిపించాను. కొనిపించాను అనే అంటాను, ఎందుకంటే దాని మెడలు వంచి కూర్చోబెట్టింది నేనే. పాతిక ప్రశ్నలు, పాతిక జవాబులు, ఎక్కడ నవ్వాలో కూడా గుర్తు పెట్టారు. తీరా అసలు ఇంటర్వ్యూలో, అడిగే ఆవిడ ప్రశ్న సగంలో ఉండగానే మాది జవాబు మొదలుపెట్టేసిందట. పక్క గదిలోంచి వింటుంటే రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంటులా ఉంది. పదిహేను నిమిషాలకే ఆవిడ "ఇవాళ మధ్యాహ్నం భోజనంలో ఏం తిన్నావు?" అని అడిగారు. మా అమ్మాయి మూగబోయింది. ఆ ప్రశ్న లిస్టులో లేదు మరి.

తర్వాత అర్థమైంది, ఆవిడ దాన్ని మామూలు మనిషిని చేయడానికి అలా అడిగారని.

క్యాంపస్_చలి
జనవరి 11, మధ్యాహ్నం 1:40

😀 ఆంటీ, నవ్వినందుకు ఏమీ అనుకోకండి. నన్ను అడిగింది "మీ ఊళ్ళో నన్ను ఎక్కడికి తీసుకెళ్తావు?" అని. నేను నల్గొండ, చెర్వుగట్టు గుట్ట అన్నాను. ఎందుకు అంటే పది నిమిషాలు మాట్లాడాను.

తమ్ముడూ, ఇంగ్లిషు గురించి. నేను కూడా తెలుగు మీడియమే, ఇప్పుడు అమెరికాలో రెండో సంవత్సరం. ఇంటర్వ్యూలో నాకు "పొట్టు" అనే మాటకి ఇంగ్లిషు తట్టలేదు. ఆ మాటకి ఇంగ్లిషు తెలియదండి, వడ్లు దంచితే పైన ఊడేది అని చేత్తో చూపించాను. ఆయన మాట అందించారు, సాగిపోయాం. ఒక్క నిమిషం ఆలోచించుకుంటాను అనడం, ప్రశ్న మళ్ళీ అడగండి అనడం తప్పు కాదు. అర్థం కాని ప్రశ్నకి అర్థమైనట్టు జవాబు చెప్పడమే తప్పు.

నీకు ఇంకో లాభం ఉంది, చూసుకున్నావో లేదో. స్టేటర్, రోటర్, బేరింగ్, స్లాట్, కాయిల్, వార్నిష్, కెపాసిటర్. మీ నాన్నగారి షాపులో సగం మాటలు ఇంగ్లిషే కదా! నువ్వు పుట్టినప్పటి నుంచి వింటున్న ఇంగ్లిషు అది.

మెట్ట_కుర్రాడు
జనవరి 11, సాయంత్రం 4:15

నిజమే అక్కా, ఎప్పుడూ అలా అనుకోలేదు. నాన్న ఏడో క్లాసు చదివారు, మెగ్గర్ టెస్ట్ అని రోజూ అంటారు.

జవాబు వచ్చింది! 13న ఉదయం 7 గంటలకి. ఆలస్యం గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. పొద్దునే అయితే మైకులు తక్కువ ఉంటాయని నేనే ఆ సమయం రాశాను. ఇంట్లో సిగ్నల్ ఒక గీతే వస్తుంది. షాపు రోడ్డు మీద ఉంది, అక్కడ బాగా వస్తుంది, ఇన్వర్టరు కూడా ఉంది. కానీ వెనక గోడంతా మోటార్లు, నూనె మరకలు. దుప్పటి కట్టమంటారా? చొక్కా ఏది వేసుకోవాలి?

వీసా_వీరుడు
జనవరి 11, సాయంత్రం 4:30

కోటు అద్దెకి దొరుకుతుంది కాకినాడలో. వెనక తెల్ల బెడ్‌షీటు.

పాత_బ్యాచ్
జనవరి 11, సాయంత్రం 4:48

వీరుడు గారూ 🙏 కోటు వద్దు. ఉతికిన చొక్కా ఏదైనా ఫరవాలేదు. దుప్పటి అసలే వద్దు, ఆ గోడ ఉండనివ్వు.

చాలా యూనివర్సిటీలు ఇప్పుడు మమ్మల్ని ఇళ్ళలో కలవొద్దంటున్నాయి. కాఫీ షాపు, లైబ్రరీ లాంటి నలుగురు తిరిగే చోటు, లేదంటే వీడియో. నేరుగా కలిసేవాళ్ళకి ఒక సంగతి: మిఠాయి డబ్బాలు తేకండి. ఒకసారి ఒక తండ్రి కోటయ్య కాజాలు రెండు కిలోలు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. కాకినాడ నుంచి బెంగళూరు దాకా మోసుకొచ్చారు పాపం. వాసనకి నా ప్రాణం లాగింది. తీసుకోకూడదు, వెనక్కి ఇచ్చేశాను. ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాను. మా కాఫీ డబ్బులు కూడా పిల్లల చేత పెట్టించం.

తల్లిదండ్రులు వచ్చి దింపి వెళ్ళొచ్చు, కూర్చోకూడదు. వీడియోలో కూడా అంతే. కెమెరాకి అవతల అమ్మ జవాబులు అందిస్తుంటే పిల్లల కళ్ళు పక్కకి పోతుంటాయి, మాకు తెలిసిపోతుంది.

నారాయణగూడ_అమ్మ
జనవరి 11, సాయంత్రం 5:20

పక్క గదిలో ఉండొచ్చా మరి?

పాత_బ్యాచ్
జనవరి 11, సాయంత్రం 5:31

మీరు ఉన్నారని మాకు తెలియనంతవరకు 🙂

కడప_కాఫీ_గింజ
జనవరి 11, రాత్రి 8:05

ఒక సలహా ఇస్తాను, తిట్టకండి. ఆ నోటుబుక్కు సంగతికి కాస్త మెరుగు పెడితే బాగుంటుంది కదా. "రైతుల మోటార్లు కాలకుండా ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టాను, పది ఊళ్ళలో అవగాహన సదస్సులు నిర్వహించాను" అంటే బరువొస్తుంది. అందరూ చేసేదే. ఎవరూ వచ్చి చూడరు.

క్యాంపస్_చలి
జనవరి 11, రాత్రి 8:12

అన్నా, వద్దు. దయచేసి వద్దు.

పాత_బ్యాచ్
జనవరి 11, రాత్రి 8:40

ఎవరూ వచ్చి చూడరు, నిజమే. కానీ నేను "మొదటి సదస్సుకి ఎంతమంది వచ్చారు? ఎవరు ఎదురు తిరిగి అడిగారు? ఏమన్నారు?" అని అడుగుతాను. పట్టుకుందామని కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతాను. మూడో ప్రశ్నకి అబద్ధం వాడిపోతుంది. అప్పుడు అబ్బాయి అంతకుముందు చెప్పిన నిజం మీద కూడా నాకు నమ్మకం పోతుంది. నేను నివేదికలో "అబద్ధం చెప్పాడు" అని రాయను. ఏమీ రాయలేకపోతాను, అంతే.

రెండో_కాఫీ
జనవరి 11, రాత్రి 9:15

ఇది చదువుతున్న మిగతావాళ్ళ కోసం ఒక మాట. అన్ని చోట్లా ఇది ఉండదు. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీల్లో మామూలుగా ఇంటర్వ్యూలే లేవు. కొలంబియా ఆపేసింది. బ్రౌన్ కూడా ఆపేసి, ఇష్టమైతే పిల్లలనే చిన్న వీడియో పంపమంటోంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ (పెన్) వాళ్ళు ఇంటర్వ్యూ అనే మాట తీసేసి సంభాషణ అన్నారు. యేల్ అందరికీ ఇవ్వలేనని ముందే చెప్తుంది. ఎంఐటీ కూడా మనిషి దొరికిన చోటే ఇస్తుంది, దొరకకపోతే ఆ పిల్లల తప్పు కాదని రాసి పెట్టింది. కాబట్టి "పక్కింటి వాళ్ళ వాడికి వచ్చింది, నీకు రాలేదేం" అని పిల్లల ప్రాణం తీయకండి. ఇది నాకు నేను చెప్పుకుంటున్న మాట కూడా.

ఓరుగల్లు_మాస్టారు
జనవరి 11, రాత్రి 9:50

మన పిల్లలకి ఈ ఇంటర్వ్యూల్లో తక్కువ వేస్తారని, ఆసియావాళ్ళ మీద చిన్నచూపని పేపర్లలో చదివాను. హార్వర్డ్ మీద కేసు కూడా నడిచింది కదా. పాత_బ్యాచ్ గారు దాచకుండా చెప్పాలి.

పాత_బ్యాచ్
జనవరి 11, రాత్రి 10:30

దాచేదేముంది మాస్టారూ. కేసు 2018లో బోస్టన్ కోర్టులో విచారణకి వచ్చింది. అక్కడ బయటపడ్డ లెక్కల్లో గొడవంతా వ్యక్తిత్వానికి వేసే మార్కు మీదే. అయితే అందులో చాలామంది గమనించని సంగతి ఉంది. పిల్లలని నేరుగా కలిసిన పూర్వ విద్యార్థులు ఆసియా అమెరికన్లకీ తెల్ల పిల్లలకీ దాదాపు సమానంగానే వేశారు. తక్కువ వేసింది అడ్మిషన్ల ఆఫీసు, అందులో చాలామంది పిల్లల మొహం కూడా చూడకుండా. కింది కోర్టుల్లో హార్వర్డ్ గెలిచింది, 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని తిరగేసింది. అది అక్కడి ఆసియా పిల్లల సంగతి, జగ్గంపేట నుంచి అప్లై చేసేవాడికి అచ్చంగా వర్తించదు. కానీ ఆ లెక్కలు చూశాక ఈ ఆదివారాలు వృథా కావనిపించింది నాకు.

మెట్ట_కుర్రాడు
జనవరి 12, మధ్యాహ్నం 12:10

నోటుబుక్కు మొత్తం చదివాను. పాత_బ్యాచ్ గారు అడిగినది ఒకటి దొరికిందనుకుంటున్నాను.

పదో తరగతి వేసవిలో ఒకే ఊరి నుంచి వరసగా మోటార్లు వచ్చాయి, అన్నీ ఫేజు పోయి కాలినవే. ట్రాన్స్‌ఫార్మర్ బాగోలేదు, లైన్‌మన్ పట్టించుకోవట్లేదు అని నేను తేల్చేశాను. పక్క ఊరికీ అదే లైను, అక్కడ ఇన్ని కాలట్లేదని తర్వాత తట్టింది. సైకిలు మీద వెళ్ళి చూశాను. ఈ ఊళ్ళో దాదాపు అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. రైతు పొలంలో లేకపోయినా కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. ఆ సమయానికి ఒక ఫేజు లేకపోతే తిరగలేక మూలిగి మూలిగి కాలిపోతుంది, వినడానికి అక్కడ మనిషి ఉండడు. దాన్ని ఆపడానికి ప్రివెంటర్ అని చిన్న డబ్బా ఉంటుంది. అది మాటిమాటికీ మోటారుని ఆపేస్తోందని చాలామంది వైరు పీకేశారు. పక్క ఊళ్ళో స్టార్టరు చేత్తో వేస్తారు, మోత తేడాగా ఉంటే అప్పుడే కట్టేస్తారు.

రైతులకి చెప్పాను. ఎవరూ వినలేదు. ఒకాయన "మీ నాన్న బేరం చెడగొట్టకురా" అని నవ్వారు. ఇది చెప్పొచ్చా? చివరికి ఏమీ సాధించలేదు కదా.

పాత_బ్యాచ్
జనవరి 12, మధ్యాహ్నం 12:25

ఇదే చెప్పు. "ఎవరూ వినలేదు" అనేది కూడా చెప్పు. ఇక్కడ రాసినట్టే. దీన్ని ఇంగ్లిషులో బట్టీ పట్టకు, మీ ఇంట్లో ఎవరికైనా మూడుసార్లు తెలుగులో చెప్పు చాలు. కథ నోటికి వస్తే భాష దాని వెనకే వస్తుంది.

క్యాంపస్_చలి
జనవరి 12, మధ్యాహ్నం 2:00

చివర్లో "నన్ను ఏమైనా అడుగుతావా" అంటారు. వెబ్‌సైటులో దొరికేవి అడగకు, ఎన్ని డిపార్టుమెంట్లు ఉన్నాయి లాంటివి. ఆయన జీవితం అడుగు. ఎంఐటీలో డిపార్టుమెంటుని పేరుతో కాకుండా నంబరుతో పిలుచుకుంటారు, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్సు కలిపి కోర్స్ 6. మొదటి సెమిస్టరులో ఫెయిలైతే అది రికార్డులోకే ఎక్కదు. అలాంటి చోట ఆయన ఏ సబ్జెక్టులో బోల్తా కొట్టారో అడిగితే గంట చెప్తారు, చూడు. నీ మోటార్లకి దగ్గరైనది డీ-ల్యాబ్ అని ఉంది, 2002లో మొదలైంది, పల్లెటూళ్ళకి పనికొచ్చే సామాన్లు తయారుచేస్తారు. దాని గురించి చదువు. నచ్చితేనే అడుగు.

రెండో_కాఫీ
జనవరి 12, రాత్రి 8:30

రేపటికి: ఫోన్ ఛార్జింగు, ఇన్వర్టరు, జూమ్ ఇవాళే ఒకసారి తెరిచి చూసుకో, కొత్త వెర్షన్ అప్పుడే దిగమంటుంది. పక్కన నీళ్ళు. నాన్నగారి ఫోన్ హాట్‌స్పాట్‌కి రెడీగా. ఇక పడుకో.

మెట్ట_కుర్రాడు
జనవరి 13, ఉదయం 9:05

అయిపోయింది. గంటా పది నిమిషాలు. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అందుకే తప్పులుంటే క్షమించండి.

మొదటి ఐదు నిమిషాలు ఘోరం. "నీ గురించి చెప్పు" అంటే పేరు, ఊరు, కాలేజీ చెప్పి ఆగిపోయాను. ఆయనే "నీ వెనక గోడ మీద ఏంటవి?" అన్నారు. అంతే. లేచి ఫోన్ పట్టుకుని షాపంతా చూపించాను. మాడిన స్టేటర్ ఒకటి తెచ్చి ఇది స్టార్, ఇదిగో మూడో ఫేజు బాగానే ఉంది చూడండి అన్నాను. ఇంగ్లిషు తప్పులు చాలా వచ్చాయి. "బర్న్‌డు" అన్నానో "బర్నింగు" అన్నానో కూడా గుర్తులేదు. ఆయన పట్టించుకోలేదు.

ఆటో స్టార్టర్ కథ చెప్పాను. రైతులు ప్రివెంటర్ ఎందుకు పీకేస్తారు, వాళ్ళ వైపు నుంచి చెప్పు అన్నారు. అది నేను ఆలోచించలేదు. కాసేపు ఆగి, కరెంటు ఉండే గంటలు తక్కువ, అది ఆపేసినప్పుడల్లా నీళ్ళు పోతాయి, మోటారు కాలితే ఒకసారి నష్టం, నీళ్ళు రాకపోతే రోజూ నష్టం అన్నాను. చెప్తుంటే నాకే వాళ్ళది తప్పు కాదనిపించింది. అది కూడా అనేశాను. ఆయన ఏదో రాసుకున్నారు.

మధ్యలో కరెంటు పోయింది, నాన్న చప్పుడు చేయకుండా వచ్చి ఇన్వర్టరు మార్చి వంగి వంగి వెళ్ళిపోతుంటే ఆయన చూసి నమస్కారం పెట్టారు. నాన్న కంగారుపడి మోటారుకి గుద్దుకున్నారు. ఏడున్నరకి మైకు కూడా మొదలైంది. అదేం పాట అని అడిగారు!

ఒక ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేకపోయాను. "నువ్వు చెప్పిన మాట అందరూ విని మోటార్లు కాలడం ఆగిపోతే, మీ షాపు ఏమవుతుంది?" అన్నారు. తెలియదండి, నాన్నని అడిగి చెప్తాను అన్నాను. ఆయన గట్టిగా నవ్వారు. అది తప్పేమో అని భయంగా ఉంది.

పాత_బ్యాచ్
జనవరి 13, ఉదయం 9:20

అది తప్పయితే నా 11 ఏళ్ళ అనుభవం గోదాట్లో కలిపేస్తాను. మీ నాన్నగారు ఏమన్నారు మరి?

మెట్ట_కుర్రాడు
జనవరి 13, ఉదయం 9:32

"బేరింగులు అరగడం ఎవడాపుతాడురా" అన్నారు.

ఓరుగల్లు_మాస్టారు
జనవరి 13, ఉదయం 9:34

ఆయనకి నా దండం చెప్పు.

రెండో_కాఫీ
జనవరి 13, ఉదయం 9:50

ఇవాళే థ్యాంక్స్ చెప్తూ మెయిల్ రాయి. ఐదు లైన్లు. అందులో ఆ బేరింగుల మాట రాయి, అడిగి చెప్తానన్నావు కదా. "మీ విలువైన సమయాన్ని వెచ్చించినందుకు" లాంటివి వద్దు.

నారాయణగూడ_అమ్మ
జనవరి 13, ఉదయం 10:15

ఒక సందేహం. ఇంటర్వ్యూ తర్వాత ఇంకేమైనా పంపాలా? ఫలితం ఎప్పుడు?

క్యాంపస్_చలి
జనవరి 13, ఉదయం 11:00

ఎంఐటీకి ఫిబ్రవరిలో అప్‌డేట్స్ అండ్ నోట్స్ అని ఒక ఫారం ఉంటుంది. హాఫ్ ఇయర్లీ మార్కులు, కొత్త సంగతులు ఏమైనా ఉంటే అందులో నింపాలి. తమ్ముడూ, హాస్టల్లో ఉంటావు కాబట్టి అది మీ ఫిజిక్స్ సారుకి ముందే చెప్పి పెట్టు. ఫలితం మామూలుగా మార్చి 14న, పై విలువ 3.14 కదా, అందుకు. సమయం కూడా తమాషాగా సాయంత్రం 6:28, అంటే రెండు పైలు. మనకి అది 15 తెల్లవారుజామున 3:58.

మెట్ట_కుర్రాడు
జనవరి 16, రాత్రి 9:15

రేపు పొద్దున బస్సు. ఫోన్ అమ్మకిచ్చేసి వెళ్తున్నాను. మెయిల్ పాస్‌వర్డ్ షాపులో క్యాలెండరు వెనక రాసి పెట్టాను. మార్చి 15 పొద్దున చూసి హాస్టల్ ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేస్తానంది. వార్డెన్ పిలుస్తారో లేదో తెలియదు. ఆయన నుంచి మెయిల్‌కి జవాబొచ్చింది, "నాన్నగారికి నా నమస్కారాలు, ఆ జవాబు నా నివేదికలో రాశాను" అని. నాన్న ఆ ముక్క నాలుగుసార్లు చదివించుకున్నారు.

అందరికీ థ్యాంక్స్. నోటుబుక్కు తీసుకెళ్తున్నాను, సార్లు చూస్తే లాక్కుంటారేమో.

ఓరుగల్లు_మాస్టారు
జనవరి 16, రాత్రి 9:22

ఫిజిక్స్ పుస్తకానికి వేసిన అట్ట దీనికీ వేసుకో, ఎవరూ చూడరు. మార్చిలో ఇంటర్ పరీక్షలు కూడా ఉన్నాయి, గుర్తుందిగా?